పర్లాకిమిడి మనుషుల రికార్డులు: ఏ కాగితం ఏ ఆఫీసులో ఉంటుంది, ఎలా వెతకాలి

ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దున ఉన్న మన పర్లాకిమిడిలో పాత కాగితాల కోసం తిరగని ఇల్లు తక్కువ. తాత పేరున ఉన్న స్థలం అన్నదమ్ములు పంచుకోవాలి. పిల్లాడికి కుల ధ్రువీకరణ కావాలి, ముత్తాత కాలం నాటి ఆధారం తెమ్మంటారు. ఇల్లు కొనాలి, అమ్మేవాడు నిజంగా హక్కుదారేనా చూసుకోవాలి. ఎప్పుడో విశాఖ వెళ్ళిపోయిన పెదనాన్న వారసులెవరో తేలాలి. వచ్చినవాళ్ళందరూ ముందు అడిగేది ఒకటే: "పేరు కొడితే ఆన్‌లైన్‌లో వచ్చేస్తుందా బాబూ?"

కొంత వస్తుంది. మిగతాది రావాలంటే పేరు ఒక్కటీ చాలదు. ఏ సంవత్సరం, ఏ ఊరు, ఆ ఏడాది ఆ ఊరు ఏ ఆఫీసు కింద ఉండేది, అక్కడి గుమాస్తా ఆ పేరును ఎలా రాసుంటాడు అన్నవి తెలియాలి. ఇవి తేలితే సగం పని అయిపోయినట్టే. తేలకుండా కౌంటర్ దగ్గర నిలబడితే "మా దగ్గర లేదు" అంటారు. చాలాసార్లు అది నిజం కూడా.

ఇక్కడ పర్లాకిమిడిని ఉదాహరణగా తీసుకుని రాస్తున్నాను. బరంపురం, గుణుపురం, రాయగడ, జయపురం తెలుగువాళ్ళకీ దారి ఇదే, ఆఫీసుల పేర్లు మాత్రం మారతాయి.

మొదటి మెట్టు: సంవత్సరం పట్టుకోండి

1936 మార్చి 31 దాకా మన పట్టణం మద్రాసు ప్రెసిడెన్సీలో, గంజాం జిల్లాలో ఉండేది. ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రావిన్సు ఏర్పడింది. పర్లాకిమిడి జమీందారీ ఎస్టేటు రెండు ముక్కలైంది. పట్టణం, కొండ ప్రాంతం అటు వెళ్ళాయి. పాతపట్నం వైపు ఊళ్ళు మద్రాసులోనే ఉండిపోయి విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా ఏర్పడ్డాక అందులోకి వచ్చాయి. ఒడిశా వైపు మనం గంజాం జిల్లాలోనే కొనసాగాం, కలెక్టరేటు ఛత్రపురంలో. గజపతి జిల్లా 1992 అక్టోబరు 2న పుట్టింది.

దీన్ని ఒక కుటుంబం మీద పెట్టి చూడండి. ముత్తాత 1910లో పాతపట్నం దగ్గర పల్లెలో భూమి కొన్నాడు, తాత 1948లో పర్లాకిమిడిలో ఇల్లు కొన్నాడు, తండ్రి 1980లో దాన్ని భాగాలు వేశాడు అనుకుందాం. మొదటి కాగితం పుట్టినప్పుడు ఆ ఊరు మద్రాసు గంజాంలో ఉంది, ఇప్పుడు శ్రీకాకుళంలో ఉంది. రెండోది ఒరిస్సా గంజాంలోది. మూడోది కూడా గంజాం కాలానిదే, ఇవాళ ఇల్లున్నది మాత్రం గజపతి జిల్లాలో. ముగ్గురూ బతికింది అయిదారు మైళ్ళ లోపలే కావచ్చు. వాళ్ళ కాగితాలు మాత్రం రెండు రాష్ట్రాల్లో, మూడు జిల్లా కేంద్రాల్లో ఉండొచ్చు.

కోర్టు విషయంలో ఇంకా చిత్రం. 1936 ముందు మన పై కోర్టు మద్రాసు హైకోర్టు. 1936 నుంచి పట్నా. కటక్‌లో ఒరిస్సా హైకోర్టు 1948 జులై 26న మొదలైంది. గజపతికి వేరే జిల్లా కోర్టు వచ్చేదాకా గంజాం, గజపతి రెండింటికీ బరంపురమే దిక్కు. తాతల నాటి దావా నంబరు చేతిలో ఉంటే, ఏ కోర్టుదో చూడకుండా పర్లాకిమిడి కోర్టులో అర్జీ పెట్టకండి.

గుణుపురం, రాయగడ, జయపురం వాళ్ళ లెక్క వేరు. 1936 ముందు వాళ్ళది విశాఖపట్నం జిల్లా. తర్వాత కోరాపుట్. 1992లో రాయగడ విడిపోయింది, గుణుపురం దానితో వెళ్ళింది.

కాబట్టి ఒక తెల్ల కాగితం తీసుకుని కుటుంబంలో ప్రతి సంఘటనకూ సంవత్సరం, ఊరు, అప్పటి జిల్లా రాసుకోండి. తేదీ గుర్తులేకపోతే "పెద్ద అక్క పెళ్ళికి ముందు" అని రాసుకున్నా సరే. రికార్డు రూంలో పుస్తకాలు ఏడాదివారీగా ఉంటాయి. అయిదేళ్ళ వ్యవధిలో వెతకమంటే గుమాస్తా వెతుకుతాడు. యాభై ఏళ్ళు వెతకమంటే రేపు రమ్మంటాడు.

రెండో మెట్టు: పేరు ఎన్ని రకాలుగా రాసుంటారో రాసుకోండి

ఎక్కువమంది ఇక్కడే ఓడిపోతారు. మనిషి ఒకడే, ఒడియా గుమాస్తా చేతిలో పేరు ఇంకోలా పడుతుంది.

మన 'వ' అక్కడ 'బ' అవుతుంది, లేదా 'భ' అవుతుంది. వాసుదేవరావు బాసుదేవ్ రావ్ అవుతాడు, వెంకటరమణ భెంకట రమణ అవుతాడు. పేరు మొదట్లో 'య' ఉంటే 'జ' కింద చూడండి: యుగంధర్‌ని జుగంధర్ దగ్గర వెతకాలి. ఒడియాలో ఎ-ఏ, ఒ-ఓ తేడా లేదు కాబట్టి హ్రస్వం, దీర్ఘం గురించి పట్టింపు వద్దు. ఇంగ్లిష్‌లో రాసిన జాబితాల్లో కృష్ణ ఇంకో తమాషా చేస్తాడు. ఆంధ్రా వైపు కే-ఆర్ తర్వాత ఐ రాస్తారు, ఒడిశా వైపు యూ రాస్తారు. మన శ్రీ కృష్ణచంద్ర గజపతి కాలేజీ బోర్డు చూసినవాళ్ళకి ఇది కొత్త కాదు. కృష్ణమూర్తి, రామకృష్ణ, కృష్ణవేణి ఎవరైనా రెండు స్పెల్లింగులతోనూ వెతకాలి.

ఇంటిపేరు ఇంకో తలనొప్పి. మనం ముందు రాస్తాం, అక్కడ చివర రాస్తారు. ఒక్కోసారి ఇంటిపేరు వదిలేసి రావు, పాత్రో, ఆచారి లాంటి చివరి మాటనే వంశం పేరుగా పెట్టేస్తారు. ఫలితంగా అన్నదమ్ములిద్దరికీ రికార్డులో రెండు వేర్వేరు ఇంటిపేర్లు ఉండటం ఇక్కడ మామూలే. అందుకే ఒంటరి పేరు మీద నమ్మకం పెట్టుకోకండి. తండ్రి పేరు, లేదా ఆడవాళ్ళకి భర్త పేరు జోడించి చూడండి. సూర్యనారాయణలు వీధికి నలుగురుంటారు. 'సూర్యనారాయణ, తండ్రి అప్పలస్వామి' అనేసరికి ఒకడో ఇద్దరో మిగులుతారు.

ప్రతి రూపాన్నీ మీ తెల్ల కాగితం మీద ఒడియాలో కూడా రాయించుకోండి. బడికి వెళ్ళే పిల్లలు రాసిపెడతారు. ఒడియా అంకెలు పదీ మీరు నేర్చుకోండి, పట్టా చదవడానికి పనికొస్తాయి.

మూడో మెట్టు: భూలేఖ్ పట్టా చదవడం

ఇంట్లో కూర్చుని ఉచితంగా చూడగలిగినవాటిలో ఎక్కువ సమాచారం ఇచ్చేది ఇదే. ఒడిశా ప్రభుత్వ భూలేఖ్ సైటులో జిల్లా గజపతి, తహసీల్ పర్లాకిమిడి, తర్వాత మౌజా, ఆర్‌ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టరు) సర్కిల్ ఎంచుకోవాలి. మౌజా అంటే రెవెన్యూ గ్రామం. పట్టణం కూడా మౌజాల లెక్కలోనే ఉంటుంది, కాబట్టి మీ వీధి పేరు ఆ జాబితాలో కనబడకపోతే కంగారు పడకండి. పక్కింటివాళ్ళ ఖజానా (భూమి శిస్తు) రసీదు మీద మౌజా పేరు ఉంటుంది, అడిగి చూడండి.

అక్కడ మూడు దారులు: ఖాతా నంబరు, ప్లాటు నంబరు, హక్కుదారు పేరు. పేరు దారి ఎంచుకుంటే ఆ మౌజాలోని పేర్ల జాబితా తెరుచుకుంటుంది. మీరు రాసుకున్న రూపాలన్నీ ఒక్కొక్కటే చూసుకుంటూ పొండి. ప్లాటు నంబరు తెలిస్తే అదే మేలు, పేరు ఎలా చెడినా నంబరు చెడదు.

ఇప్పుడు పట్టా ముందు పేజీ తెరవండి. పైన మౌజా, తహసీలు, థానా, థానా నంబరు. కింద ఖాతా నంబరు. దాని తర్వాత హక్కుదారు పేరు ఉన్న గడి. ఈ గడి నిదానంగా చదవాలి. పేరు పక్కన 'పి' అని పొడి అక్షరం ఉంటే తర్వాత వచ్చేది తండ్రి పేరు. 'స్వా' ఉంటే భర్త పేరు. 'జా' అంటే జాతి, అంటే కులం. 'బా' అంటే ఉండే చోటు. చాలా పట్టాల్లో 'బా' పక్కన 'నిజ్‌గాఁ' అని ఉంటుంది. కొందరు అది ఊరి పేరనుకుని మ్యాపులో వెతుకుతారు. 'ఇదే ఊరు' అని దాని అర్థం. అక్కడ వేరే ఊరి పేరు ఉంటే మాత్రం వదలకండి. మనిషి ఎక్కణ్ణుంచి వచ్చాడో చెప్పే జాడ అది. ఒకే ఖాతాలో అయిదారుగురు పేర్లుంటే వాళ్ళు అన్నదమ్ములో, దాయాదులో, ఉమ్మడిగా కొన్నవాళ్ళో అవుతారు. తండ్రి పేర్లు పోల్చి చూస్తే ఒక వంశవృక్షం సగం బయటపడుతుంది.

కుల ధ్రువీకరణకి పాత పట్టా అడిగేది కూడా ఈ 'జా' గడి కోసమే. అక్కడ తెలుగు కులం పేరు ఒడియాలో వంకరగా పడి ఉంటే ఇప్పుడే గమనించుకోండి, తహసీలు ఆఫీసులో అర్జీ పెట్టాక తెలిస్తే చిక్కు.

ముందు పేజీ అడుగున తుది ప్రచురణ తేదీ ఉంటుంది. ఆ సెటిల్‌మెంటు, అంటే ప్రభుత్వం భూములు కొలిచి హక్కుల రికార్డు తయారుచేసిన పని, ఖరారైన రోజు అది. ఆ తేదీకి బతికున్న మనిషి పేరునే పట్టా వచ్చింది. తర్వాత చనిపోయినా, అమ్మినా, ఎవరో మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) చేయించేదాకా పాత పేరే ఉంటుంది. కాబట్టి భూలేఖ్‌లో పేరుంది కదా అని మనిషి ఉన్నాడనీ, భూమి ఇంకా అతనిదేననీ అనుకోకండి. మ్యుటేషన్ జరిగితే ప్రత్యేక వివరాల గడిలో కేసు నంబరు ఉంటుంది. ఆ నంబరు తహసీలు ఆఫీసులో చెబితే దాని వెనక ఉన్న కేసు ఫైలు దొరుకుతుంది. వారసులెవరు, ఎవరు ఒప్పుకున్నారు, ఎవరు అడ్డం తిరిగారు అన్నవి ఉండేది ఆ ఫైల్లోనే.

వెనక పేజీలో ప్లాట్లు, హద్దులు, విస్తీర్ణం, కిసం. కిసం అంటే భూమి రకం. ఇంటి స్థలం అయితే 'ఘరబారి' అని ఉంటుంది. విస్తీర్ణం ఎకరాలు, డెసిమల్లలో. మన సెంటూ, వాళ్ళ డెసిమలూ ఒకటే, ఎకరంలో నూరో వంతు.

పాత దస్తావేజులోని ప్లాటు నంబరు ఇప్పటి భూలేఖ్‌లో కొట్టి, వేరే వాళ్ళ పేరు రాగానే గుండె ఆగినంత పని చేసుకుంటారు కొందరు. పాత సెటిల్‌మెంటు నంబర్లను 'సాబిక్' అంటారు, ఇప్పటివాటిని 'హాల్'. సాబిక్ 212 ఇవాళ హాల్ 540 కావచ్చు, రెండు ముక్కలై 540, 541 కూడా కావచ్చు. ఏది ఏదయిందో చెప్పే పట్టిక రెవెన్యూ రికార్డులో ఉంటుంది. తహసీలు ఆఫీసులో సాబిక్-హాల్ వివరం కావాలని అడగండి. భూనక్షా సైటులో ప్లాటు ఆకారం చూసి, పాత దస్తావేజులోని హద్దులతో సరిపోల్చుకోవడం కూడా పనికొస్తుంది. తూర్పున చెరువు గట్టు అని రాసి ఉంటే నంబరు ఎన్నిసార్లు మారినా గట్టు అక్కడే ఉంటుంది.

జమీందారీ కాలం పట్టాల గురించి ఒక మాట. పర్లాకిమిడి జమీందారీ ప్రాంతం కాబట్టి అప్పటి శిస్తు లెక్కలు ఎస్టేటు కచేరీ చూసుకునేది. ఒడిశా వైపు 1951 ఎస్టేట్ల రద్దు చట్టం, ఆంధ్రా వైపు 1948 మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాకే రైతుకీ ప్రభుత్వానికీ నేరుగా సంబంధం ఏర్పడింది. అంతకు ముందు కాలానికి ప్రభుత్వ పట్టా దొరకలేదంటే భూమి లేదని అర్థం కాదు. ఇంట్లో ట్రంకు పెట్టెలో ఎస్టేటు రసీదులు, తెలుగులో రాసినవి, ఉన్నాయేమో ముందు అది చూడండి. చెదలు పట్టినవైనా పారేయకండి.

ప్రింటు తీసిన భూలేఖ్ పేజీ మీకు సమాచారం మాత్రమే. కోర్టుకీ బ్యాంకుకీ ముద్ర ఉన్న నకలు కావాలి.

నాలుగో మెట్టు: సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు

1908 రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 57 చదివినవాళ్ళు తక్కువ, పనికొచ్చే సెక్షన్ మాత్రం అదే. సబ్‌రిజిస్ట్రారు దగ్గర నాలుగు పుస్తకాలుంటాయి. ఒకటో పుస్తకంలో స్థిరాస్తి దస్తావేజులు: అమ్మకం, తనఖా, దానం, భాగాలు. ఒకటి, రెండు పుస్తకాల్నీ, ఒకటో పుస్తకపు సూచికనూ ఫీజు కట్టిన ఎవరైనా చూడొచ్చు, నకలు తీసుకోవచ్చు. ఆ ఆస్తితో మీకు సంబంధం ఉందని నిరూపించాల్సిన పని లేదు. మూడో పుస్తకం వీలునామాలు, దత్తత అధికార పత్రాలు. రాసినాయన బతికున్నంత కాలం ఆయనకీ, ఆయన ఏజెంటుకీ తప్ప ఎవరికీ ఇవ్వరు. చనిపోయాక ఎవరైనా అర్జీ పెట్టొచ్చు. నాలుగో పుస్తకం ఇతర దస్తావేజులది, వాటిలో పక్షాలైనవారికీ వారి తరఫువారికీ మాత్రమే.

సూచికల్లోనూ తేడా ఉంది. ఒకటో సూచిక మనుషుల పేర్ల మీద, రెండో సూచిక ఊరు, ఆస్తి మీద. పేరు మీద నమ్మకం లేకపోతే రెండోదాన్ని పట్టుకోండి.

ఈసీకి (ఆస్తి మీద ఉన్న లావాదేవీలు, భారాలు చూపే ధ్రువపత్రం) అర్జీ పెట్టేటప్పుడు ఎన్నేళ్ళకి కావాలో స్పష్టంగా రాయండి. 'భారం లేదు' అని వస్తే మీరు అడిగిన ఏళ్ళలో, మీరిచ్చిన ప్లాటు మీద రిజిస్టరైన లావాదేవీ దొరకలేదనే దాని అర్థం. నోటిమాట మీద జరిగిన పంపకాలు, రిజిస్టరు కాని తెల్లకాగితం ఒప్పందాలు అందులో కనబడవు. మన వైపు తెల్లకాగితాలే ఎక్కువ, ఏం చేస్తాం.

జననం, మరణం

పట్టణంలో జరిగినదానికి మున్సిపాలిటీ, పల్లెలో జరిగినదానికి ఆ ప్రాంతపు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రం దగ్గర మొదలుపెట్టండి. 1969 జనన మరణాల నమోదు చట్టం సెక్షన్ 17 ప్రకారం ఫీజు కట్టి ఎవరైనా రిజిస్టరులో వెతికించి నకలు తీసుకోవచ్చు. మరణ నమోదు నకలులో చావుకి కారణం మాత్రం చూపరు, చట్టమే వద్దంది. కౌంటర్ దగ్గర మీకూ ఆయనకూ ఏమవుతుందని అడుగుతారు. సంబంధం చెప్పి ఒక ఆధారం చూపితే పని త్వరగా అవుతుంది.

సంఘటన ఎక్కడ జరిగితే నమోదు అక్కడే. పర్లాకిమిడి మనిషి విశాఖ కేజీహెచ్‌లో చనిపోతే నమోదు విశాఖలో ఉంటుంది, బరంపురం ఆసుపత్రిలో పుట్టిన పిల్లది బరంపురంలో. ఇంటి చిరునామా బట్టి వెతికి విసిగిపోయేవాళ్ళు చాలామంది. వెతికాక దొరకకపోతే నమోదు లేదని కాగితం ఇమ్మని అడగండి. ఆలస్యపు నమోదుకీ, కోర్టుకీ అదే మొదటి మెట్టు.

ఓటరు జాబితా

పర్లాకిమిడి అసెంబ్లీ నియోజకవర్గం, భాగం నంబరు, పోలింగు కేంద్రం ఎంచుకుంటే జాబితా పీడీఎఫ్ వస్తుంది. పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఇంటి నంబరు, వయసు ఉంటాయి. పీడీఎఫ్ బొమ్మ రూపంలో ఉంటుంది కాబట్టి పేరు టైపు చేసి వెతికితే దొరకదు, కళ్ళతో చదవాల్సిందే. ఒకే ఇంటి నంబరు కింద ఉన్నవాళ్ళని కలిపి చదవండి, కుటుంబం అర్థమవుతుంది. 2002 నాటి జాబితాలు కూడా రాష్ట్ర ఎన్నికల ప్రధానాధికారి సైటులో ఉన్నాయి. అప్పట్లో ఆ ఇంట్లో ఉన్న పెద్దవాళ్ళ పేర్లు పట్టుకోవడానికి అది మంచి చోటు. 2008లో నియోజకవర్గాల హద్దులు మారాయి, పాత జాబితాలో మీ వీధి వేరే చోట ఉండొచ్చు.

కోర్టు, పోలీసు, పదవుల్లో ఉన్నవాళ్ళు

ఈ-కోర్ట్స్ సైటులో లేదా యాప్‌లో జిల్లా ఎంచుకుని పక్షం పేరు, సంవత్సరం ఇస్తే కేసు వివరం వస్తుంది. సీఎన్‌ఆర్ నంబరు (ఒక్కో కేసుకి ఇచ్చే ప్రత్యేక నంబరు, అక్షరాలూ అంకెలూ కలిపి పదహారు) ఉంటే నేరుగా అదే కొట్టండి. స్పెల్లింగు బెడద ఇక్కడ మరీ ఎక్కువ, పేరులో మొదటి నాలుగు అక్షరాలతోనే వెతకండి. కేసు కనబడినంత మాత్రాన మనిషి దోషి కాడు. అదే పేరు గల ఇంకొకడు కూడా కావచ్చు. సంబంధం కుదుర్చుకునేటప్పుడు దీన్ని చూసి ఊరంతా చాటేవాళ్ళున్నారు, కాస్త ఆగండి. తండ్రి పేరు, ఊరు కలిసేదాకా నోరు విప్పకూడదు.

ఎఫ్‌ఐఆర్‌లను 24 గంటల్లో వెబ్‌సైటులో పెట్టాలని సుప్రీంకోర్టు 2016లో చెప్పింది. లైంగిక నేరాలు, పిల్లలపై నేరాల లాంటివి పెట్టరు. ఒడిశా పోలీసుల పౌర పోర్టల్‌లో చూడొచ్చు.

ఎమ్మెల్యే, ఎంపీ అభ్యర్థుల ఆస్తులు, అప్పులు, కేసుల ప్రమాణపత్రాలు ఎన్నికల సంఘం సైటులో ఎవరైనా చదవొచ్చు. కంపెనీ డైరెక్టర్ల పేర్లు కంపెనీ వ్యవహారాల శాఖ సైటులో. వీటికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

పక్క రాష్ట్రం: పాతపట్నం వైపు

ఆంధ్రా వైపు భూమికి మీభూమి, అంతా తెలుగులోనే. సర్వే నంబరుతోనో, ఖాతాతోనో, పేరుతోనో అడంగల్ (సాగు లెక్క), 1బి (హక్కుల రికార్డు) చూడొచ్చు. ఈసీ రిజిస్ట్రేషన్ శాఖ సైటులో 1983 నుంచి దొరుకుతుంది, అంతకు ముందుదానికి సబ్‌రిజిస్ట్రారు ఆఫీసుకే వెళ్ళాలి. పర్లాకిమిడి తహసీలు ఆఫీసులో పాతపట్నం మండలం కాగితం అడిగితే వాళ్ళేమీ చేయలేరు. రెండు వైపులా భూములున్న కుటుంబాలు మొదటి నుంచే రెండు ఫైళ్ళు పెట్టుకోండి.

సమాచార హక్కు అర్జీ

మున్సిపాలిటీ హోల్డింగు (ఇంటి పన్ను) రికార్డు, మ్యుటేషన్ ఫైలు లాంటివి మామూలుగా అడిగితే రాకపోతే ఇది దారి. ఒడిశాలో ఫారం-ఎ ఉంది, పౌరసత్వానికి ఆధారం కూడా అడుగుతారు, ఫీజు 10 రూపాయలు. ఆంధ్రాలో మండల స్థాయికి 5, గ్రామ స్థాయికి ఏమీ లేదు, తెల్లకాగితం చాలు. ఆంధ్రా అలవాటుతో ఒడిశాకి తెల్లకాగితం పంపితే తిరిగొస్తుంది.

అడిగే పద్ధతిలోనే సగం ఉంది. "ఫలానావారి ఆస్తులన్నీ చెప్పండి" అంటే కొట్టేస్తారు. "ఫలానా మౌజా, ఫలానా ఖాతాలో, ఫలానా నంబరు మ్యుటేషన్ కేసులో ఇచ్చిన ఆర్డరు నకలు ఇవ్వండి" అని రాయండి. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే, నచ్చకపోతే 30 రోజుల్లో మొదటి అప్పీలు.

ఇటీవల ఒకటి మారింది. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, దాని ద్వారా సమాచార హక్కు చట్టం సెక్షన్ 8(1)(జె)కి జరిగిన సవరణ 2025 నవంబరులో అమల్లోకి వచ్చింది. ఇప్పుడు 'వ్యక్తిగత సమాచారం' అని ఒక్క మాట చెప్పి నిరాకరించే వీలు పెరిగింది. ప్రజాప్రయోజనం ఎక్కువైతే ఇవ్వొచ్చనే సెక్షన్ 8(2) అలాగే ఉంది. ఆ ప్రయోజనం ఏమిటో అర్జీలోనే రెండు వాక్యాల్లో రాయండి. నాకు తెలిసి ఇది రాయనివాళ్ళ అర్జీలే ముందు తిరిగొస్తున్నాయి.

అడగకూడనివి

ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా, ఫోను నంబరు, ఆసుపత్రి ఫైలు, బడి మార్కులు ప్రజా రికార్డులు కావు. "అయిదు వందలిస్తే నంబరు తెచ్చిస్తా" అనేవాడు దొంగతనం అమ్ముతున్నాడు, కొన్నవాడూ ఇరుక్కుంటాడు. విడిపోయిన భార్య ఎక్కడుందో, ఫలానా అమ్మాయి ఏ హాస్టల్లో ఉందో కనుక్కోవడానికి ఈ దారులు వాడొద్దు. వెంటాడటం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 78 కింద నేరం. ఓటరు జాబితా అందరికీ కనబడుతుంది నిజమే, కానీ నాలుగు రికార్డులు కలిపి ఒక మనిషి ఇల్లు, వయసు, ఆస్తి ఒకే కాగితం మీద రాసి వాట్సాప్‌లో తిప్పితే అది వేరే పని. నేనైతే వచ్చినవాళ్ళని ముందు ఎందుకని అడుగుతాను. జవాబు చెప్పడానికి నీళ్ళు నమిలితే పని ఒప్పుకోను.

1936 ముందువి

ఆ కాలపు గంజాం జిల్లా రెవెన్యూ కాగితాలకి చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్ చూడాలి, ఒరిస్సా కాలానికి భువనేశ్వర్‌లోని రాష్ట్ర ఆర్కైవ్స్. మాన్యం ఇనాములున్న కుటుంబాలకి, పురోహితులకి, గుడి సేవకులకి ఎగ్మూరులో ఒక ఆశ ఉంది. 1858లో ఏర్పడిన ఇనాం కమిషన్ ప్రతి ఇనాంకీ ఎవరికి, ఎందుకు, ఎవరిచ్చారు, ఇప్పుడెవరి అనుభవంలో ఉంది అని రిజిస్టర్లలో రాసుకుంది. ముత్తాత ముందుతరం పేరు కూడా వాటిలో దొరకొచ్చు.

చెన్నై వెళ్ళేముందు ఉత్తరం రాయండి. అందులో ఊరు, తాలూకా, సంవత్సరం, కావలసిన రిజిస్టరు ఏదో రాయాలి. జిల్లా గడిలో గంజాం అని రాయండి. గజపతి అని రాస్తే వాళ్ళ సూచికలో అలాంటి జిల్లా లేదు. గుణుపురం, రాయగడ వాళ్ళయితే విశాఖపట్నం అని రాయాలి.